మంచె మీద రైలు

మా అద్దంకికి రైలు లేదు. ఎప్పుడూ లేదు. రైలెక్కాలంటే ఒంగోలన్నా పోవాలి, చీరాలన్నా పోవాలి, లేదంటే బస్సులో దుమ్ము తింటూ వినుకొండన్నా చేరాలి. అలాంటి ఊరిదాన్ని, రైలు వంతెన గురించి రాస్తానని కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మావారు నవ్వారు. "బావి లేని ఇంట్లో గిలక గురించి పంచాయితీ" అన్నారు. నవ్వనివ్వండి. నేను చెప్పబోయే వంతెన మా ఊళ్ళో లేకపోయినా మా ఇంట్లో ఉంది. మా నాయనమ్మ మాటల్లో ఉంది, ఆవిడ కొంగుముడిలో ఉంది.

మా ఊరి పక్కన పారే గుండ్లకమ్మ నల్లమల కొండల్లో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. కంభం చెరువుకు నీళ్ళిచ్చి, మార్కాపురం సీమ చుట్టి, మా మిరపచేల మధ్యనుంచి సముద్రానికి పోతుంది. నా చిన్నతనంలో వేసవి వస్తే ఏరంతా ఇసుకే. చెలమలు తీసి, చిన్న ముంతతో తోడి బిందెలు నింపేవాళ్ళం. "ఇవి కొండమీది నీళ్ళే పిల్లా, పారబోయకు" అనేది నాయనమ్మ. 1970లో గుంటూరు జిల్లానుంచి అద్దంకి, చీరాల, ఒంగోలు ప్రాంతాలూ, కర్నూలునుంచి మార్కాపురం, గిద్దలూరూ, నెల్లూరునుంచి మరికొన్ని తాలూకాలూ తీసి కొత్త జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. అప్పుడు అందరూ "కొండకీ మనకీ ఏం సంబంధం?" అని ఆశ్చర్యపోయారు గాని, నాయనమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆవిడకు ఆ సంబంధం ఎప్పటినుంచో తెలుసు.

1961 వేసవిలో నాయనమ్మ నన్ను మహానందికి తీసుకెళ్ళింది. నాకు పదకొండేళ్ళు. వినుకొండలో రైలెక్కాం. చిన్న పట్టాల బండి, మీటరుగేజి. దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు... ప్రతి స్టేషనులోనూ మజ్జిగో, తేగలో, ఏదో ఒకటి. పులిహోర మూట గిద్దలూరుకే అయిపోయింది. దిగువమెట్ట దాటాక మాత్రం డబ్బాలో మాటలు తగ్గాయి. అటూ ఇటూ అడవి. ఇంజను ఆయాసపడుతూ మెలికలు తిరుగుతోంది. ఎవరో "దొరబావి వస్తోంది" అన్నారు. అంతే, ఆడవాళ్ళంతా పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు.

రైలు నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో కదిలింది. కిటికీలోంచి చూస్తే నేల లేదు! కింద ఎక్కడో చెట్ల తలలు. రాతిగోడ లేదు, పిట్టగోడ లేదు. గాలిలో పోతున్నట్టే ఉంది. తోటివాళ్ళు దణ్ణాలు పెట్టుకుని కానులు, అర్ధణాలు విసిరారు. నాయనమ్మ మాత్రం కొంగుముడి విప్పి గుప్పెడు జొన్నలు తీసి కిటికీలోంచి జారవిడిచింది. పెదవులు కదిలాయి గాని మాట వినపడలేదు.

"డబ్బులు వెయ్యకుండా జొన్నలేమిటే నాయనమ్మా?" అన్నాను.

"దేవుడికైతే డబ్బులు. ఇవి పిల్లాడికి" అంది.

ఏ పిల్లాడు? ఆ సంగతి కాసేపు అట్టే పెట్టండి. ముందు వంతెన సంగతి చెప్పాలి.

అది రాతి స్తంభాల వంతెన లాంటిది కాదు. లోయలోంచి ఇనపకాళ్ళ గోపురాలు లేపి, వాటి తలలమీద దూలాలు పరిచి, పైన పట్టాలు వేశారు. ఇంజనీర్లు దాన్ని ట్రెసిల్ అంటారు. మనకు అంత కష్టం అక్కర్లేదు, జొన్నచేలో మంచె చూసినవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. మంచెకు నాలుగు కాళ్ళూ నిటారుగా పాతరు, అడుగున ఎడంగా, పైన దగ్గరగా వాలుస్తారు. కాళ్ళమధ్య అడ్డంగానూ, ఏటవాలుగానూ కర్రలు కడతారు. ఆ ఏటవాలు కట్లు లేకపోతే గాలికి మంచె ఒరిగిపోతుంది. కట్టు గట్టిగా ఉంటే మనిషి ఎక్కి వడిసెల తిప్పినా కదలదు. అలాంటి మంచెల్ని వరసగా నిలబెట్టి, కర్రకు బదులు ఇనుము వాడితే అదే ట్రెసిల్ వంతెన. లోతైన లోయలో రాయి పేర్చుకుంటూ రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఖర్చూ ఎక్కువ. ఇనుమైతే ముక్కలుగా తెచ్చి, రివెట్లు కొట్టి నిలబెట్టొచ్చు. పైగా గాలికి అడ్డం తక్కువ, ఖాళీల్లోంచి దూరిపోతుంది.

సరే, ఇంత అడవిలో, ఇంత లోయమీద, పులులు తిరిగే చోట ఎవరికోసం కట్టారు దీన్ని? జవాబు కరువు.

మన గుంటూరు సీమకు కరువు కొత్త కాదు. 1832-33లో వచ్చినదాన్ని నందన కరువు అంటారు, డొక్కల కరువు అని కూడా అంటారు. గుంటూరు జిల్లా జనాభా అప్పట్లో సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి 2 లక్షలమంది దాకా పోయారని లెక్క. ఆ దెబ్బకే ఆనకట్టల ఆలోచన బలపడింది. 1852కి గోదావరిమీద, 1855కి కృష్ణమీద ఆనకట్టలు పూర్తయ్యాయి. డెల్టాలో వరి పండింది. 1876లో మళ్ళీ వానలు ఎగ్గొట్టాయి. అది ధాత సంవత్సరం. అందుకని ధాత కరువు అన్నారు. ఈసారి డెల్టాలో గింజ ఉంది. కొండలకు పడమట, కర్నూలు, బళ్ళారి, అనంతపురం, కడప జిల్లాల్లో లేదు. దక్షిణ భారతమంతా కలిపి రెండేళ్ళలో యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని చరిత్రకారుల అంచనా.

డెల్టాలో ఉన్న ధాన్యం కొండకు అవతల ఎందుకు చేరలేదు? ఎద్దుబండి రోజుకు పది పన్నెండు మైళ్ళు పోతుంది. దారిలో గడ్డి లేదు, నీళ్ళు లేవు. ఎద్దులకు మేత కూడా బండిమీదే మోసుకుపోవాలి. వారాలపాటు నడిచి కనుమ దాటేసరికి ఎద్దులే పడిపోయేవి. సర్కారు 1878లో కరువు కమిషన్ వేసింది. దాని నివేదిక 1880లో వచ్చింది. కరువు సీమలకు ధాన్యం చేర్చే రైలు దార్లు వెయ్యాలన్నది అందులో ఒక ముఖ్య సలహా. అలా పుట్టినదే బళ్ళారి-కృష్ణా రైలు దారి. సదరన్ మరాఠా కంపెనీ దాన్ని నడిపింది. 1890 ప్రాంతానికి పడమటి సముద్రం ఒడ్డున మార్ముగోవా రేవునుంచి కృష్ణ ఒడ్డుదాకా మీటరుగేజి కలిసింది. నల్లమలను దాటే చోట లోయ అడ్డం వచ్చింది. అక్కడ దొరబావి వంతెన నిలబడింది.

ఇక పిల్లాడి సంగతి.

మహానంది కోనేటిలో స్నానం చేసి, తల ఆరబెట్టుకుంటూ నాయనమ్మ చెప్పింది. ఆవిడ అమ్మమ్మది నంద్యాల దాపు పల్లె. ధాత కరువులో మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని, తూర్పున కృష్ణనీళ్ళు పారే సీమలో కూలి దొరుకుతుందని నందికనుమ దారిన నడిచి వచ్చింది. పెద్దది ఆడపిల్ల, మా నాయనమ్మకు తల్లి. రెండోవాడు చంకలో పిల్లాడు. కనుమ సగం దాటేసరికి వాడు పోయాడు. చెట్టు కింద రాళ్ళు పేర్చి, కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. చివరికి గుండ్లకమ్మ వెంటబడి అద్దంకి చేరి, ఒకరి చేలో మిరపకాయలు ఏరే పనికి కుదిరింది.

"రైలు పన్నెండేళ్ళ ముందే వచ్చుంటే వాడు బతికేవాడు" అంది నాయనమ్మ. "అందుకే ఆ వంతెన కనపడినప్పుడల్లా గుప్పెడు గింజలు."

నేను పెద్దయి, పెళ్ళయి, పిల్లల్ని కన్నాక కూడా ఆ మాట అలాగే నమ్మాను. రెండుసార్లు ఆ దారిన పోయినప్పుడు జొన్నలు నేనూ వేశాను.

1990లలో ఆ దారిని పెద్ద పట్టాలకు మార్చారు. మీటరుగేజిలో పట్టాల మధ్య ఎడం ఒక మీటరు. బ్రాడ్‌గేజిలో అయిదున్నర అడుగులు. పట్టాలు జరిపి వేస్తే సరిపోతుందనుకునేరు, అలా కాదు. పెద్ద బండి ఇరుసుమీద పడే బరువు చాలా ఎక్కువ. చిన్న బండికోసం నూరేళ్ళ కిందట కట్టిన ఇనపకాళ్ళు దాన్ని మొయ్యలేవు. అటూ ఇటూ ఉన్న మెలికలు కూడా పెద్ద బండికి ఇమడవు. అప్పుడు ఇంజనీర్ల ముందు మూడు దార్లుంటాయి. పాత కాళ్ళకు కొత్త ఇనుము జోడించడం ఒకటి. అదే చోట కొత్త వంతెన లేపడం రెండోది. లోయకే దణ్ణం పెట్టి వేరే దారి చూసుకోవడం మూడోది. మనవాళ్ళు మూడోది ఎంచుకున్నారు. దారి మళ్ళించి, బొగద దగ్గర కొండను తొలిచిన సొరంగంలోంచి రైలు పోనిచ్చారు. దొరబావి మీద బండి నడవడం ఆగిపోయింది.

వార్త తెలిసి నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నాయనమ్మ అప్పటికి లేదు. ఉన్నదాన్ని బాగు చేసుకోవడం చేతకాదా అని మావారితో పోట్లాడాను, ఆయనే రైల్వే మంత్రి అయినట్టు. ఆ కోపం చాలా ఏళ్ళు అలాగే ఉంది.

అది తగ్గింది ఎక్కడనుకున్నారు? అమెరికాలో! మా అమ్మాయి పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటుంది. పురిటికి వెళ్ళినప్పుడు, అమ్మకు వంతెనల పిచ్చి అని అల్లుడు కింజువా అనే చోటికి తీసుకెళ్ళాడు. అది మన దొరబావికి అక్కలాంటిది. 1882లో ఇనుముతో కట్టారు, ఎత్తు 301 అడుగులు. పద్దెనిమిదేళ్ళకే బళ్ళ బరువు పెరిగింది, వంతెన చాలలేదు. వాళ్ళు దాన్ని వదల్లేదు. 1900లో పాతది విప్పి, అదే చోట ఉక్కుతో నాలుగు నెలల్లో మళ్ళీ కట్టారు. చూశావా, వీళ్ళకు తెలుసు కట్టుకోవడం అనుకున్నాను.

తరవాతి మాట విన్నాక నోరు మూతపడింది. 2003 జూలై 21న సుడిగాలి వచ్చి, ఇరవై గోపురాల్లో పదకొండింటిని నిమిషంలోపే పడగొట్టింది. ఎందుకు పడ్డాయని నిపుణులు వెతికితే, గోపురాలను పునాదికి బిగించిన బోల్టులు తుప్పు తిని ఉన్నాయట. పైన ఉక్కంతా కొత్తది. అడుగున బోల్టులు మాత్రం 1882 నాటివి అలాగే ఉంచి, వాటికి అతుకులు వేసి కొత్త గోపురాలు నిలబెట్టారు. నూరేళ్ళు ఎవరి కంటా పడకుండా అవి లోపల తినేస్తూ వచ్చాయి. మిగిలిన కాళ్ళమీద 2011లో నడకదారి కట్టారు. చివర గాజునేల మీదనుంచి కిందపడిన ఇనుమంతా కనపడుతుంది. పడినదాన్ని ఎత్తలేదు, జనం చూడాలని అలాగే ఉంచారు.

ఆ గాజుమీద నిలబడితే మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది. రైలు ముందే వచ్చుంటే వాడు బతికేవాడు. ఆ మాటమీద నేను ఎంత కట్టుకున్నాను! దాని అడుగున బోల్టు ఎలా ఉందో ఎప్పుడైనా చూశానా?

ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. నిజం చెప్పొద్దూ, మనసు కష్టపడింది. ధాత కరువునాటికి రైలు అసలు లేకపోలేదు. మద్రాసునుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా 1871 నాటికే పట్టాలు పడ్డాయి. ఆ దారి పొడుగునా కూడా జనం పోయారు. స్టేషనులో ధాన్యం బస్తాలు ఉన్నాయి, కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. పంట పోయి, కూలి పోయి, గొడ్డూగోదా అమ్ముకున్నవాడికి రైలు ఏం పెడుతుంది? ధర ఎక్కువ పలికిన చోటికి ధాన్యాన్ని తరలించింది కూడా ఆ రైలే. అదే కాలంలో దేశంనుంచి గోధుమలు ఓడలెక్కి పరదేశాలకు పోయాయి. కరువు పనుల్లో రాళ్ళు కొట్టినవాళ్ళకు 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజ కొనేందుకు డబ్బు, పైన కాస్త చిల్లర. పౌను అంటే సుమారు 450 గ్రాములు. వంటింట్లో తూకం వేసి చూశాను. ఎండలో దినమంతా రాయి కొట్టే మనిషికి అది ఏ మూలకు? రైళ్ళకన్నా కాలవలమీద ఖర్చు పెట్టండని కాటన్ దొర ఊరికే పోరలేదు.

అలాగని రైలువల్ల మేలు జరగలేదని అనను. తరవాతి కాలంలో వానలు ఎగ్గొట్టినప్పుడు ధాన్యం త్వరగా చేరడానికి ఆ దారి పనికొచ్చింది. మన పత్తికీ మిరపకాయకీ దూరపు బజార్లు దగ్గరయ్యాయి. కాని నాయనమ్మ మాట సగం నిజం. రైలుతోపాటు ఆ తల్లి చేతిలో నాలుగు డబ్బులుంటే, కూలి పెట్టేవాడికి కాస్త కనికరం ఉంటే, వాడు బతికేవాడు. నాయనమ్మను తప్పుపట్టడం లేదు సుమండీ. ఇంట్లో పిల్లాడు పోయిన దుఃఖానికి ఆవిడ ఒక వంతెన కట్టుకుంది. దాన్ని మళ్ళీ కట్టవలసిన పని నాది. ఆ పనిలో పాత బోల్టులు ఊరికే వదిలెయ్యకూడదు.

దొరబావి మీద కోపం కూడా అలాగే తగ్గింది. మంచె కట్టినవాడికి తెలుసు, పంట ఇల్లు చేరాక మంచె విప్పుతారని. చేను కాపలా ముఖ్యం గాని మంచె కాదు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రాతిమెట్లు గనక వాటిని ఎన్నిసార్లయినా సర్దుకోవచ్చు. ఇనపకాళ్ళ సంగతి అలా కాదు, వాటికి ఒక వయసుంటుంది. కొండ దాటే దారి నిలవడం ముఖ్యం. అది నిలిచింది. అయినా, పాతదాన్ని వదిలేటప్పుడు అది ఎందుకు పుట్టిందో నలుగురికీ చెప్పి వదలాలన్న పట్టుదల మాత్రం నాకు పోలేదు. గాజునేల వెయ్యకపోయినా పోనీ, ఇంట్లో పిల్లలకన్నా చెప్పుకోవచ్చు గదా.

ఆ మధ్య కోడలితో, మనవడితో మళ్ళీ మహానందికి వెళ్ళాను. పెద్ద బండి, పెద్ద కిటికీలు. దిగువమెట్ట దాటాక కొంగుముడి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. లోయ వస్తుందనుకుంటున్నానో ఏమో, ఉన్నట్టుండి చీకటి పడింది. సొరంగం! పిల్లలంతా ఈలలు, కేకలు. వెలుతురు వచ్చేసరికి మనవడు నా చెయ్యి చూస్తున్నాడు.

"ఏంటి నాయనమ్మా అవి?"

"జొన్నలు."

"ఎవరికి?"

చెప్పాను. పిల్లాడి సంగతి చెప్పాను. రైలు లేకపోవడం ఒక్కటే కాదు, డబ్బు లేకపోవడం సంగతీ చెప్పాను. తొమ్మిదేళ్ళవాడు, ఎంత అర్థమైందో తెలియదు. కాసేపు ఊరుకుని, "వాడి పేరేంటి?" అన్నాడు.

నాకు తెలియదు. నాయనమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. ఇన్నేళ్ళూ వంతెన ఎందుకు పోయిందని దెబ్బలాడాను గాని, పిల్లాడి పేరు అడగాలని ఒక్కసారీ తోచలేదు.

జొన్నలు అలాగే ముడేసుకున్నాను. నంద్యాల స్టేషను బయట చెట్టు కింద పిచికలు కనపడితే, సగం నేను వేశాను, సగం వాడు వేశాడు.